వేడెక్కితే జారే మూడో గేరు: ఒక ఫ్యామిలీ సెడాన్ ప్రాజెక్టు డైరీ

బండి పరిస్థితి

ఈ ప్రాజెక్టులోని కారు ముందు చక్రాలతో నడిచే మధ్యతరహా ఫ్యామిలీ సెడాన్. దీనిలో ఉన్నది టార్క్ కన్వర్టర్‌తో (ఇంజను శక్తిని ఆయిల్ ద్వారా గేర్‌బాక్సుకు అందించే భాగం) పనిచేసే నాలుగు గేర్ల ఆటోమేటిక్ ట్రాన్స్‌మిషన్. ఓడోమీటరు 1,40,000 కిలోమీటర్లు దాటింది. గేర్‌బాక్సు ఆయిల్‌ను మునుపు ఎప్పుడైనా మార్చారో లేదో తెలిపే సర్వీసు కాగితం ఏదీ లేదు.

బండి చల్లగా ఉన్నంతసేపు వంక పెట్టడానికి ఏమీ కనబడదు. ఆయిల్ పూర్తిగా వేడెక్కిన తరువాత మాత్రం రెండు లోపాలు బయటపడుతున్నాయి. రెండో గేరు నుంచి మూడో గేరుకు మారే క్షణంలో ఇంజను వేగం ఒక్కసారిగా పైకి లేచి, ఆ తరువాత చిన్న కుదుపుతో గేరు పట్టుకుంటున్నది. గంటకు 65 కిలోమీటర్ల వేగంతో నిలకడగా వెళ్తున్నప్పుడు, కంకర పరిచిన దారి మీద నడుస్తున్నట్టుగా సన్నని వణుకు వచ్చి పోతున్నది. వీటికి తోడు చెక్ ఇంజన్ దీపం కూడా వెలిగింది.

స్కానర్ పెట్టి చూస్తే ఇంజను కంప్యూటర్‌లో పీ0700, ట్రాన్స్‌మిషన్ కంప్యూటర్‌లో పీ0741 అనే లోపం కోడ్‌లు కనిపించాయి. పీ0700 ఏ భాగాన్నీ తప్పుపట్టదు. ట్రాన్స్‌మిషన్ కంప్యూటర్‌లో ఒక కోడ్ నమోదైంది, అక్కడ చూడమని చెప్పే కబురు మాత్రమే. చవక స్కానర్లు చాలావరకు ఇంజను కంప్యూటర్‌ను మాత్రమే చదువుతాయి కనుక అక్కడే ఆగిపోతాయి. పీ0741 అంటే టార్క్ కన్వర్టర్ లాకప్ క్లచ్ (ఇంజనునూ గేర్‌బాక్సునూ నేరుగా కలిపి పట్టే క్లచ్) ఆశించినట్టు పట్టుకోలేదని అర్థం. లాకప్ చేయమని కంప్యూటర్ ఆదేశించింది, కానీ ఇంజను వేగమూ గేర్‌బాక్సు ఇన్‌పుట్ షాఫ్టు వేగమూ ఒకటి కాలేదు. కోడ్ చెప్పేది ఇంతవరకే. ఒకటి కాకపోవడానికి ఆయిల్ పాడవడం, సోలినాయిడ్ (ఆయిల్ దారిని కరెంటుతో తెరిచి మూసే భాగం) చెడిపోవడం, వాల్వ్ ఇరుక్కోవడం, పీడనం చాలకపోవడం, కన్వర్టర్ లోపలి లైనింగ్ అరగడం, వీటిలో ఏదైనా కారణం కావచ్చు. కోడ్ పేరులో కన్వర్టర్ ఉంది కదా అని కన్వర్టర్ మార్చాలంటే మొత్తం గేర్‌బాక్సును దించాలి. ఆ పని చేయవలసి వస్తే చేద్దాం కానీ, దించకుండా కొలవగలిగినవన్నీ కొలిచిన తరువాతే అనేది ఈ ప్రాజెక్టుకు పెట్టుకున్న నియమం.

కరెంటు వైపు తొలి పరిశీలన

బ్యాటరీ బలహీనంగా ఉంటే ట్రాన్స్‌మిషన్ కంప్యూటర్ లేనిపోని కోడ్‌లు పుట్టిస్తుంది కనుక పని అక్కడ మొదలైంది. ఇంజను ఆపి ఉంచినప్పుడు 12.6 వోల్టులు, నడుస్తున్నప్పుడు 14.1 వోల్టులు వచ్చాయి. హెడ్‌లైట్లూ ఫ్యానూ వేసి గేర్‌బాక్సు ఒంటికీ బ్యాటరీ నెగటివ్‌కూ మధ్య కొలిస్తే తేడా 0.05 వోల్టు మాత్రమే ఉంది, 0.2 వోల్టు దాటితే ఎర్త్ తీగను అనుమానించాలి. ఇక్కడ అనుమానించడానికి ఏమీ లేదు.

ఆయిల్ స్థాయి, రంగు

ఈ గేర్‌బాక్సుకు డిప్‌స్టిక్ ఉండడం ఒక అదృష్టం. ఆయిల్ వేడెక్కిన తరువాత, చదునైన నేల మీద ఇంజను ఐడిల్‌లో ఉండగా, బ్రేకు తొక్కి లీవరును అన్ని స్థానాల్లోనూ తిప్పి, తిరిగి పార్కుకు తెచ్చి చూడాలి. ఇంజను ఆపి చూడమని చెప్పే తయారీదారులూ ఉన్నారు కనుక ఒక బండి పద్ధతిని మరో బండికి పెట్టకూడదు. డిప్‌స్టిక్ లేని కొత్త గేర్‌బాక్సుల్లో ఆయిల్ నిర్ణీత ఉష్ణోగ్రతకు చేరినప్పుడు ఓవర్‌ఫ్లో ప్లగ్గు విప్పి, సన్నని ధార కారడం ఆగే స్థాయిని సరైన స్థాయిగా తీసుకుంటారు.

స్థాయి వేడి గుర్తుల మధ్యనే ఉన్నది, కాకపోతే కింది గుర్తుకు దగ్గరగా. రంగు మాత్రం ఎరుపు పోయి ముదురు గోధుమగా మారింది. తెల్లని కాగితం మీద ఒక చుక్క వేస్తే చుట్టూ వలయం ఏర్పడింది కానీ మధ్యలో నల్లని ముద్ద మిగలలేదు. కొద్దిగా మాడిన వాసన ఉంది. పాలు కలిపినట్టు గులాబీ రంగులో ఉంటే రేడియేటర్‌లోని కూలర్ చిట్లి కూలెంట్ కలిసిందని అర్థం. అలా జరిగితే క్లచ్ ప్లేట్ల మీది లైనింగ్ నీటికి ఊడి వస్తుంది కనుక ఆ గేర్‌బాక్సుకు ఆయిల్ మార్పు చాలదు. ఇక్కడ ఆ సూచన లేదు.

స్కానర్ పట్టుకుని నడిపిన దారి

ఈ ప్రాజెక్టులో అన్నిటికంటే ఎక్కువ సమాచారం ఇచ్చిన పని ఇదే. మరొకరు బండి నడుపుతుండగా, ఇంజను వేగం, ఇన్‌పుట్ షాఫ్టు వేగం, అవుట్‌పుట్ షాఫ్టు వేగం, ఆయిల్ ఉష్ణోగ్రత, లాకప్ ఆదేశం, థ్రాటిల్ శాతం, ఈ ఆరింటినీ రికార్డు చేయడం జరిగింది. ఇన్‌పుట్ వేగాన్ని అవుట్‌పుట్ వేగంతో భాగిస్తే గేరు నిష్పత్తి వస్తుంది. ఈ గేర్‌బాక్సుకు అవి వరుసగా 2.84, 1.53, 1.00, 0.73. గేరు పడి ఉన్నప్పుడు భాగించగా వచ్చిన సంఖ్య వీటిలో ఒకదానితో సరిపోతే ఆ గేరు జారడం లేదు. సరిపోకపోతే గేర్‌బాక్సు లోపల గేర్లను పట్టి ఉంచే ఒక క్లచ్ గానీ బ్రేకు గానీ జారుతున్నది.

ఆయిల్ 60 డిగ్రీల లోపు ఉన్నంతసేపు అన్ని మార్పులూ సాఫీగా జరిగాయి. 85 డిగ్రీలు దాటిన తరువాత, గంటకు 40 కిలోమీటర్ల దగ్గర రెండు నుంచి మూడుకు మారేటప్పుడు అవుట్‌పుట్ 1,400 ఆర్‌పీఎం ఉన్నది. రెండో గేరులో ఇన్‌పుట్ 2,140 ఉండాలి. మూడో గేరు పడగానే అది 1,400కు దిగిపోవాలి. అయితే అది దిగడానికి ముందు 2,600 వరకు ఎగిరింది. ఆ క్షణాన నిష్పత్తి 1.86. ఈ గేర్‌బాక్సులో ఏ గేరుకూ అటువంటి నిష్పత్తి లేదు. అంటే రెండో గేరును పట్టి ఉంచిన బ్రేకు వదిలేసింది, మూడో గేరు క్లచ్ ఇంకా అందుకోలేదు. ఆ రెంటి మధ్య ఇంజనుకు బరువు లేకుండా పోయింది.

దీని తరువాతి గమనిక మరింత ముఖ్యమైనది. మూడో గేరు పడిన తరువాత థ్రాటిల్ లోతుగా తొక్కి ఎత్తు ఎక్కించినా నిష్పత్తి 1.00 దగ్గరే నిలిచింది, కదలలేదు. క్లచ్ ప్లేట్లు అరిగిపోయి ఉంటే ఇలాంటి బరువు మీద తప్పకుండా జారతాయి. అందువలన ప్లేట్లకు పట్టు ఉంది, వాటిని నొక్కే ఆయిల్ పీడనం మాత్రం సమయానికి అందడం లేదు అనే నిర్ణయానికి రావచ్చు. పైగా వేడిలో మాత్రమే జరుగుతున్నది. వేడెక్కిన ఆయిల్ పలచబడి చిన్న సందుల నుంచి ఎక్కువగా కారుతుంది కనుక ఈ లక్షణం హైడ్రాలిక్ లీకు వైపు వేలు చూపుతున్నది.

ఇక వణుకు సంగతి. నాలుగో గేరులో లాకప్ ఆదేశం ఉన్నప్పుడు కన్వర్టర్ లోపలి చక్రమైన టర్బైన్‌తో కలిసి తిరిగే ఇన్‌పుట్ షాఫ్టు 1,660 ఆర్‌పీఎం దగ్గర నిలకడగా ఉండగా, ఇంజను 1,690కీ 1,780కీ మధ్య ఊగులాడింది. లాకప్ క్లచ్ పట్టి, వదిలి, మళ్ళీ పడుతున్నది. ఇదే వణుకు ఇంజనులో మిస్‌ఫైర్ వల్ల కూడా రావచ్చు. తేడా తెలుసుకోవడానికి థ్రాటిల్ కదపకుండా ఎడమ కాలితో బ్రేకు పెడల్‌ను దీపం వెలిగేంత మాత్రమే తాకాలి. బ్రేకు స్విచ్ అందగానే కంప్యూటర్ లాకప్‌ను వదిలేస్తుంది. తాకగానే వణుకు పూర్తిగా మాయమై ఆర్‌పీఎం కొద్దిగా పెరిగింది, వదలగానే వణుకు తిరిగి వచ్చింది. స్పార్క్ ప్లగ్గులు మార్చి డబ్బు వృథా చేసుకునేవారు ఈ చిన్న పరీక్ష ఒక్కటి చేస్తే చాలు.

న్యూట్రల్ నుంచి డ్రైవ్‌కు లీవరు వేసినప్పుడు గేరు పడే వ్యవధి 0.9 సెకను, రివర్సుకు 1.3 సెకన్లు వచ్చింది. బండి సర్వీసు మాన్యువల్ ఇచ్చిన హద్దులు 1.2, 1.5 సెకన్లు. రివర్సు హద్దుకు దగ్గరగా ఉన్నది కానీ దాటలేదు.

స్టాల్ టెస్ట్ చేయలేదు. రెండు కాళ్ళతో బ్రేకూ థ్రాటిలూ తొక్కి పట్టే ఆ పరీక్షలో ఇంజను శక్తి అంతా కన్వర్టర్‌లో వేడిగా మారుతుంది. ఐదు సెకన్లకు మించి చేయకూడదనీ, ముందు ఎవరూ నిలబడకూడదనీ మాన్యువల్ హెచ్చరిస్తుంది. అది చెప్పగలిగినదంతా నిష్పత్తుల రికార్డు ఇప్పటికే చెప్పింది కనుక, అసలే మాడిన ఆయిల్‌ను మరింత మాడ్చడంలో అర్థం లేదు.

ఆయిల్ పాన్ దించాక

బండిని నాలుగు జాక్ స్టాండ్ల మీద నిలిపి, ఆయిల్ గోరువెచ్చగా అయ్యాక డ్రెయిన్ ప్లగ్గు విప్పితే 3 లీటర్లకు కొంచెం ఎక్కువ వచ్చింది. పాన్ లోపల అయస్కాంతాల మీద బూడిదరంగు పేస్టు మెత్తగా పేరుకుని ఉంది. వేళ్ళ మధ్య రుద్దితే గరుకు తగలలేదు. ఇంతకాలం నడిచిన గేర్‌బాక్సులో ఇది సహజమైన అరుగుదల. రేకుల్లాంటి ఉక్కు ముక్కలు కనిపిస్తే గేర్లనో బేరింగులనో, పసుపురంగు మెరుపు ఉంటే బుషింగులను, నల్లని పీచు ఎక్కువగా ఉంటే క్లచ్ లైనింగును అనుమానించాలి. అవేవీ లేకపోవడం, మూడో గేరు నిష్పత్తి చెప్పిన మాటకు సాక్ష్యంగా నిలిచింది.

ఇక్కడ ఆయిల్ మార్పు గురించి ఒక ప్రచారాన్ని ప్రస్తావించాలి. పాత గేర్‌బాక్సులో కొత్త ఆయిల్ పోస్తే చెడిపోతుందని చాలామంది నమ్ముతారు. ప్లేట్లు చివరి దశకు వచ్చిన గేర్‌బాక్సులో, ఆయిల్‌లో తేలే లైనింగు పొడి కొంత పట్టు ఇస్తూ ఉండవచ్చు. అటువంటి దానిలో ఆయిల్ మార్చిన కొన్నాళ్ళకే అది నిలిచిపోతే నింద ఆయిల్ మీద పడుతుంది. అందుకే ముందు జారుడు కొలిచి, ప్లేట్లకు పట్టు ఉందని తేలాకనే ఆయిల్ జోలికి వెళ్ళడం సబబు. జీవితకాలం మార్చనక్కర లేదనే రాతను నేను నమ్మను. ఆ జీవితం ఎవరిదో, ఎంతో రాసినవారు చెప్పరు.

ఆయిల్ ఎంపికలో రంగు, బ్రాండు కాకుండా మాన్యువల్ చెప్పిన ప్రమాణం ఒక్కటే చూడాలి. డెక్స్‌రాన్, మెర్కాన్ వంటి ప్రమాణాల మధ్య చిక్కదనంలోనే కాదు, ఘర్షణను మలిచే రసాయనాల్లోనూ తేడాలున్నాయి. లాకప్ క్లచ్ వణుకు ఆ రసాయనాల మీదనే ఎక్కువగా ఆధారపడుతుంది. సీవీటీ (మెట్లు లేకుండా నిష్పత్తి మార్చే మరో రకం ఆటోమేటిక్ గేర్‌బాక్సు) ఆయిల్‌ను దీనిలో గానీ, దీని ఆయిల్‌ను సీవీటీలో గానీ పోయడానికి వీల్లేదు.

ఈ గేర్‌బాక్సులో మొత్తం 7 లీటర్లు పడుతుంది. మిగిలినది కన్వర్టర్‌లోనూ కూలర్ పైపుల్లోనూ ఉండిపోతుంది. 3 లీటర్లు తీసి 3 లీటర్లు పోస్తే ఏడింట నాలుగు వంతులు పాతదే మిగులుతుంది. మధ్యలో బండి నడిపి కలిసేలా చేస్తూ అదే పని మూడు విడతలుగా చేస్తే పాతది దాదాపు 19 శాతానికి తగ్గి, 81 శాతం కొత్తది అవుతుంది. యంత్రంతో పీడనం పెట్టి ఫ్లష్ చేసే పద్ధతి కంటే ఈ నిదానమే మేలని నిర్ణయించి ఈ దారిలోనే వెళ్ళడం జరిగింది. ఫిల్టరు, పాన్ గాస్కెట్ కొత్తవి.

ఫలితం స్పష్టంగా సగమే వచ్చింది. లాకప్ జారుడు 20 ఆర్‌పీఎం లోపుకు దిగింది, వణుకు వెతికితే తప్ప తెలియదు. కన్వర్టర్ లైనింగు బాగానే ఉన్నదని దీనితో తేలింది. మూడో గేరు ఎగురుడు మాత్రం వేడిలో ఎప్పటిలాగే ఉన్నది.

సోలినాయిడ్ల కొలత

వాల్వ్ బాడీ (ఆయిల్‌ను ఏ క్లచ్‌కు పంపాలో నిర్ణయించే వాల్వ్‌లు ఉన్న దిమ్మ) విప్పే ముందు గేర్‌బాక్సు కనెక్టర్ దగ్గరే సోలినాయిడ్ల నిరోధాన్ని చల్లగా ఒకసారి, వేడిగా ఒకసారి కొలవాలి. చల్లగా కొలిచి బాగుందని వదిలేస్తే వేడిలో తెగే తీగచుట్ట దొరకదు. రాగి నిరోధం ప్రతి డిగ్రీకి సుమారు 0.39 శాతం పెరుగుతుంది. 25 డిగ్రీల దగ్గర 12.4 ఓమ్‌లు చూపిన షిఫ్ట్ సోలినాయిడ్ 85 డిగ్రీల దగ్గర 15.3 చూపాలి, 15.2 చూపింది. పీడనాన్ని నియంత్రించే లీనియర్ సోలినాయిడ్ 5.1 నుంచి 6.3కు పెరిగింది, అదీ లెక్కకు సరిపోయింది. వైరింగును కదిపినా అంకె చలించలేదు.

ఇంకొక తర్కం కూడా ఉంది. చాలా గేర్‌బాక్సుల్లో పీడన సోలినాయిడ్‌కు కరెంటు ఆగిపోతే లైను పీడనం గరిష్ఠానికి చేరేలా తయారు చేస్తారు, క్లచ్‌లు మాడిపోకుండా ఉండేందుకు. ఆ లోపం ఉంటే గేర్లు గట్టిగా తన్నుతూ పడతాయి, ఇలా మెత్తగా జారవు. ఈ కారణాలన్నిటితో కరెంటు వైపు తలుపు మూసేయవచ్చు.

వాల్వ్ బాడీ

ఈ పనికి శుభ్రత ప్రాణం. నూలుపోగులు రాల్చే గుడ్డ వాడకూడదు, ఎందుకంటే ఒక పోగు చాలు వాల్వ్‌ను ఇరికించడానికి. బోల్టుల పొడవులు వేరువేరుగా ఉంటాయి. అట్టముక్క మీద వాల్వ్ బాడీ ఆకారం గీసి ఏ బోల్టు ఏ రంధ్రానిదో అక్కడే గుచ్చి ఉంచాను. సెపరేటర్ ప్లేటు ఎత్తేటప్పుడు కింద ఉండే చెక్ బాల్స్ (ఆయిల్‌ను ఒక వైపుకే పోనిచ్చే చిన్న గోళీలు) దొర్లిపోకుండా బాడీని తిప్పకుండా పట్టుకుని, ప్రతి దాని చోటునూ ఫొటో తీసుకోవాలి. ఒక్క బాల్ చోటు మారినా మరుసటి ఉదయం వచ్చే లక్షణాలకు అర్థం దొరకదు.

వాల్వ్‌లన్నీ తమ బరువుకే బోరులో జారుతున్నాయి, ఎక్కడా పట్టేయడం లేదు. ప్రెషర్ రెగ్యులేటర్ బోరులో మెరుపు గీత ఒకటి ఉన్నది కానీ గోటికి తగలలేదు.

బాడీ దిగిన తరువాత కేసులో క్లచ్‌లకు ఆయిల్ వెళ్ళే రంధ్రాలు బయటపడతాయి. గేర్‌బాక్సు దించాలా వద్దా అనేది ఇక్కడే తేలుతుంది. తేమ లేని గాలిని సుమారు 40 పీఎస్‌ఐ దగ్గర రబ్బరు మూతి ఉన్న నాజిల్‌తో ఒక్కొక్క రంధ్రంలోకి పంపితే, ఆ క్లచ్ పిస్టన్ కదిలి ‘ధబ్’మని మందంగా శబ్దం రావాలి. దానికి బదులు బుస్సుమనే శబ్దం ఆగకుండా వస్తుంటే పిస్టన్ సీలు పోయినట్టు. మూడో గేరు క్లచ్ స్పష్టంగా చప్పుడు చేసింది, ఆ తరువాత గాలి కారే శబ్దం దాదాపు లేదు. రివర్సు క్లచ్ దగ్గర కొద్దిగా బుస వినిపించింది. రివర్సు పడే వ్యవధి హద్దుకు దగ్గరగా ఎందుకున్నదో దీనితో అర్థమయింది.

లోపం దొరికింది అక్యుములేటర్‌లో. క్లచ్‌కు వెళ్ళే ఆయిల్ ఒక్కసారిగా కొట్టకుండా, కొంత భాగం స్ప్రింగు వెనుక ఉన్న ఈ చిన్న పిస్టన్‌ను నెట్టడానికి పోతుంది, దాని వల్ల గేరు మెత్తగా పడుతుంది. మూడో గేరుకు సంబంధించిన అక్యుములేటర్ పిస్టన్ మీది రబ్బరు రింగు గట్టిపడి, గుండ్రదనం పోయి పలకగా తయారయింది. గోటితో నొక్కితే గుంట పడలేదు. పిస్టన్‌ను కేసులోకి తిరిగి పెట్టి గాలి పంపితే చుట్టూ ఉన్న ఆయిల్ బుడగలు కట్టింది. క్లచ్‌ను నింపవలసిన ఆయిల్ ఈ రింగు పక్కనుంచి జారిపోతున్నది. చల్లని చిక్కటి ఆయిల్ అంతగా కారదు, వేడిది కారుతుంది. మిగిలిన అక్యుములేటర్ల రింగులు ఇంత పాడవలేదు కానీ వయసు అన్నిటికీ ఒకటే కనుక మొత్తం సెట్టు, స్ప్రింగులతో సహా, కొత్తవి వేశాను. ఏ స్ప్రింగు ఏ గూటిదో రంగు గుర్తుతోనే కాక పొడవు కొలిచి కూడా సరిచూడడం అవసరం, ఎందుకంటే ఏళ్ళ తరబడి ఆయిల్‌లో నాని రంగులు చెరిగిపోతాయి.

తిరిగి బిగించడం

కొత్త రింగులకు ఏటీఎఫ్ (ఆటోమేటిక్ గేర్‌బాక్సు ఆయిల్) పూసి, పిస్టన్లను వేళ్ళతోనే లోపలికి నొక్కాలి. సెపరేటర్ ప్లేటు గాస్కెట్ కొత్తది. వాల్వ్ బాడీని పైకి ఎత్తేటప్పుడు మాన్యువల్ వాల్వ్ (లీవరుతో కదిలే వాల్వ్) కొనలోని గాడిలో లీవరు పిన్ను కూర్చున్నదో లేదో అద్దం పెట్టి చూడాలి. అది తప్పితే లీవరు తిరుగుతుంది కానీ గేరు మారదు. బోల్టులను మధ్యనుంచి బయటకు, రెండు దశల్లో, చిన్న టార్క్ రెంచితో మాన్యువల్ చెప్పిన బిగువుకు తెచ్చాను. అల్యూమినియం కేసులోని ఆరు మిల్లీమీటర్ల మరలు చేతి అంచనాకు వదిలేయదగినవి కావు.

ఆయిల్ నింపి స్థాయి సరిచూశాక, స్కానర్‌తో ట్రాన్స్‌మిషన్ కంప్యూటర్ నేర్చుకున్న విలువలను చెరిపేశాను. కారే అక్యుములేటర్‌కు తగ్గట్టుగా క్లచ్ నింపే సమయాన్ని అది ఇంతకాలం పెంచుకుంటూ వచ్చింది; అదే లెక్కను కొత్త రింగులకు వాడితే మూడో గేరు దూకుడుగా తన్నుతుంది. బ్యాటరీ తీగ తీసినంత మాత్రాన అన్ని బండ్లలోనూ ఈ జ్ఞాపకం పోదు. తరువాత తేలికపాటి, మధ్యస్థ థ్రాటిల్ మీద అన్ని గేర్లనూ మళ్ళీ మళ్ళీ మార్చుతూ నేర్పించాలి. మొదట్లో మార్పులు కొంచెం మొరటుగా ఉండి క్రమంగా సర్దుకున్నాయి.

ప్రస్తుత స్థితి

ఆయిల్ 90 డిగ్రీల దగ్గర రెండు నుంచి మూడుకు మారేటప్పుడు ఇన్‌పుట్ వేగం పైకి లేవకుండా నేరుగా దిగుతున్నది. నిష్పత్తి 1.53 నుంచి 1.00కు మధ్యలో ఎక్కడా ఎగరడం లేదు. లాకప్ జారుడు 10 ఆర్‌పీఎం లోపు నిలిచింది, పీ0741 తిరిగి రాలేదు.

రివర్సు వ్యవధి 1.3 సెకన్ల దగ్గరే ఉంది. ఆ క్లచ్ సీలు మార్చాలంటే గేర్‌బాక్సు దించక తప్పదు. హద్దులోనే ఉన్నంతకాలం ఆ పని పెట్టుకోను. ఇక ముందు ప్రతి ఆయిల్ మార్పుకు ముందు రెండు కొలతలు నమోదు చేస్తాను: రివర్సు పడే వ్యవధి, ఎత్తు ఎక్కేటప్పుడు మూడో గేరు నిష్పత్తి. మొదటిది 1.5 సెకన్లు దాటినా, రెండోది 1.03 దాటినా, కన్వర్టర్‌తో సహా గేర్‌బాక్సును కిందికి దించి పూర్తి సీల్ కిట్ వేయడం తరువాతి పని.